నెర్రె మూసుకునేదాకా

ఇప్పుడు మా వీధిలోవాళ్లు నన్ను నిదానస్తురాలు అంటుంటే నాకు లోపల నవ్వొస్తుంది. నన్ను పెంచిన మా అమ్మ ఈ మాట వింటే ఎవరి గురించి చెబుతున్నారో అని వెనక్కి తిరిగి చూసేది. చిన్నప్పటి నుంచీ నాకు ముక్కు మీద కోపం. దానికి తోడు కంగారు. కోపమైనా తాటాకు మంటలా లేచి ఆరిపోయేది కానీ, కంగారు అలా కాదు. చేతిలో పని చెడిపోతోందని తెలిసిన మరుక్షణం నా కాళ్లూ చేతులూ నా మాట వినేవి కావు. చెడిన పనిని ఇంకాస్త చెడగొట్టి, పక్కవాళ్ల మీద అరిచి, ఆఖరికి ఏడుస్తూ కూర్చునేదాన్ని.

ఇప్పుడున్న నిదానం పుట్టుకతో వచ్చింది కాదు. మాన్వి తాలూకాలో ఒక నల్లరేగడి చేలో, ఒక్క పగటిపూట, ఒక ముసలామె దగ్గర నేర్చుకున్నాను. దానికి మూల్యం ఆమె పత్తి చేను చెల్లించబోయింది.

తుంగభద్ర కాలువ నీళ్లు ఆ వైపు వచ్చిన కొత్తలో గోదావరి జిల్లా నుంచి రాష్ట్రం దాటి మేమూ వెళ్లాం. నాకు అప్పటికి పెళ్లయి రెండేళ్లు. మాలాంటివాళ్లు ఇరవై ఇళ్లవాళ్లం పొలాల మధ్యనే మట్టి గోడలు లేపుకుని, పైన రెల్లుగడ్డి కప్పుకుని ఉండేవాళ్లం. దాన్ని క్యాంపు అనేవారు. కాస్త దూరంలో పాత ఊరు. ఆ ఊళ్లోనూ చాలామందిది తెలుగే, కానీ మా తెలుగు కాదు. వాళ్ల మాట మాకు మొరటుగా వినిపించేది, మా మాట వాళ్లకు పాట పాడినట్టు వినిపించేదట. మమ్మల్ని వాళ్లు ఆంధ్రోళ్లు అనేవారు. ఎదురుపడితే మర్యాదగానే ఉండేవారు, కానీ మా గట్లకు గండి పడి నీళ్లు వాళ్ల మెట్ట చేలల్లోకి దిగినప్పుడల్లా పంచాయితీలు జరిగేవి. మేం వెళ్లడానికి ముందు ఏడాది పక్క క్యాంపులో అలాగే తలలు పగిలాయి.

మా మడికి దిగువన, గట్టు దాటగానే, పాత ఊరి అవ్వ ఒకామెది రెండెకరాల పత్తి చేను ఉండేది. భర్త పోయాడు. ఒక్కగానొక్క కూతురిని యాపలదిన్నిలో ఇచ్చింది. ఆ రెండెకరాలే ఆమెకు తిండి, బట్ట, దీపం. విత్తనం వేసిన దగ్గర నుంచి ఏరేదాకా అన్నీ ఆమే చేసుకునేది. అందరూ ఆమెను అవ్వ అనేవారు కాబట్టి నేనూ అవ్వా అనేదాన్ని.

మా మొదటి పంట కోతలయ్యాక మరమ్మతుల కోసం కాలువ కట్టేశారు. మూడు వారాలు చుక్క నీరు లేదు. నల్లరేగడి సంగతి ఎరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎండితే నేల నెర్రెలు విచ్చుతుంది. చెయ్యి మోచేతి దాకా దూరేంత నెర్రెలు. మడిలోనే కాదు, గట్టులోనూ. మా ఆయన ఎండు బెడ్డలు పేర్చి కట్టిన గట్టు పైకి చూస్తే గోడలా ఉండేది, లోపల అంతా బీటలే. రెండో పంటకు క్యాంపు బావి పక్కన నారు పోసి ఉంచాం. నీళ్లు రావడం, దమ్ము చేయడం, నాటేయడమే మిగిలింది. జనవరిలో ఒకరోజు, రేపు నీళ్లు వదులుతారని కబురొచ్చింది.

ఆ సాయంత్రం గట్టు మీద నిలబడి ఉంటే అవ్వ తన చేలోంచి తలెత్తి పలకరించింది.

"రేపు నీళ్లిడుస్తరంట గదా బిడ్డా. మడి నిండ నెర్రెలున్నయి. ఒక్కపారి ఇడువకు. జర్ర జర్ర ఇడువు. నేల తాగనియ్యి, ఉబ్బనియ్యి. నెర్రె మూసుకున్నంక నింపుకో."

నాకు లోపల ఎక్కడో చురుక్కుమంది. గోదావరి కాలువ గట్టు మీద పుట్టి పెరిగినదాన్ని. జొన్నా పత్తీ తప్ప ఎరగని మెట్టావిడ నాకు నీళ్ల సంగతి చెప్పడమేమిటి? తాతకు దగ్గులు నేర్పినట్టుంది అనుకున్నాను.

"మేం గోదారోళ్లమవ్వా. నీళ్లు మాకు కొత్తేం కాదులే" అన్నాను నవ్వుతూనే.

ఆమె మళ్లీ వంగి కలుపు తీయసాగింది.

మా వైపు ఒండ్రు నేల. తడి తగిలితే గట్టు ముద్దకట్టి కూర్చుంటుంది. వంతు రాగానే గండి బార్లా తెరిచి మడి నింపెయ్యడమే మాకు తెలిసిన సేద్యం. "ఆలస్యం అమృతం విషం" అని మా నాన్న రోజుకు పదిసార్లు అనేవాడు. ఆ మాట వేరే మట్టిలో పుట్టిన మాట అని నాకప్పుడు తెలియదు.

మర్నాడు మా ఆయన ఎరువు పర్మిట్ కోసం పొద్దున్నే బస్సెక్కి మాన్వి తాలూకా ఆఫీసుకు వెళ్లాడు. "కాలువ కాసే లస్కరు తూము ఎత్తగానే బోదె కాలవలోంచి మన మడికి తిప్పు. సాయంత్రం దాకా మన వంతు. ఇది పోతే మళ్లీ ఎనిమిది రోజులకు. అప్పటికి నారు ముదిరిపోతుంది" అని చెప్పి మరీ వెళ్లాడు. క్యాంపులో తక్కిన మగవాళ్లు కూడా ఎగువ మడుల మీద ఉన్నారు.

నీళ్లు వచ్చాయి. ఎర్రగా, నురగతో, ఎండుటాకులు తోసుకుంటూ బోదె నిండా వచ్చాయి. నాకు పుట్టింటివాళ్లు వచ్చినంత సంబరమైంది. ఒక పార వెడల్పు తెరవాల్సిన చోట మూడు పారల వెడల్పు తెరిచాను. మడి మొదట్లో ఎంతకీ తడవలేదు. నెర్రెలు గుటగుటా తాగేస్తున్నాయి, పైకి బుడగలు వస్తున్నాయి. గంట తిరిగేసరికి పైన అద్దంలా చీలమండ లోతు నీళ్లు నిలబడ్డాయి. చూశావా అవ్వా అనుకున్నాను మనసులో. గట్టు మీద కూర్చుని, క్యారేజీ విప్పి, చల్లన్నంలో ఆవకాయ నంజుకోవడం మొదలుపెట్టాను.

నాలుగు ముద్దలు కూడా తినలేదు. కుండలోంచి నీళ్లు వంపుతున్నట్టు ఎక్కడో గళగళమని చప్పుడు వినిపించింది. దిగువ గట్టు దగ్గర నీటి మీద చిన్న సుడి తిరుగుతోంది. ఎడమ చేత్తో క్యారేజీ పట్టుకునే గట్టు అవతలికి వంగి చూశాను. గట్టు అడుగున పిడికెడంత కన్నం, అందులోంచి నల్లటి నీళ్లు ఉడుకుతున్నట్టు పైకి తన్నుతున్నాయి. అవి నేరుగా అవ్వ పత్తి సాళ్లలోకి పోతున్నాయి.

ఆ పత్తి అప్పుడే విచ్చింది. తొలి ఏరుడు ఆ రోజే మొదలు. చేనంతా తెల్లగా ఉంది. రేగట్లో పత్తి మొక్క మొదట్లో నీళ్లు నిలిస్తే రెండు రోజుల్లో తల వాల్చేస్తుంది, అది నాకు కూడా తెలుసు. కింది కొమ్మల కాయలు అప్పుడే బురద నీళ్లలో తేలుతున్నాయి.

క్యారేజీ ఎటు పోయిందో తెలియదు. పార తీసుకుని మడిలోకి దూకాను. కన్నం ఉన్నచోట మట్టి వెయ్యాలి. మట్టి ఎక్కడుంది? చేతికందే చోట గట్టే ఉంది. గట్టు మీది ఎండు బెడ్డలు పెళ్లగించి సుడిలోకి విసిరాను. బెడ్డ నీళ్లలో పడగానే చక్కెర గడ్డలా విచ్చిపోయింది. ఇంకొకటి, ఇంకొకటి. ఊపిరాడకుండా విసురుతున్నాను. గట్టు తవ్వి గట్టు పూడుస్తున్నానని నాకు తట్టలేదు. పిడికెడు కన్నం చెంబు మూతంత అయ్యింది, చెంబు మూతంతది బిందె మూతంత అయ్యింది. "ఎవరైనా రండర్రా!" అని అరిచాను. అరిచిన కొద్దీ గుండె ఇంకా వేగంగా కొట్టుకుంది, గుండె కొట్టుకున్న కొద్దీ పార వేగం పెరిగింది. తలలు పగిలిన పక్క క్యాంపు కళ్ల ముందు కనిపించింది. మా ఆయన తల కనిపించింది.

అవ్వ తన పత్తి మొక్కల మధ్య నుంచి వచ్చింది. ఏరడానికి చీర ఒడి కట్టుకుని ఉంది, కొంగు పళ్లతో పట్టుకుని ఉంది. కన్నం చూసింది, సాళ్లలోకి పోతున్న నీళ్లు చూసింది, నన్ను చూసింది. నేను ఆమె స్థానంలో ఉంటే ఏడు తరాలనూ కలిపి తిట్టేదాన్ని. తిట్టించుకోవడానికి సిద్ధపడి నిలబడ్డాను. నిజానికి తిడితే బాగుండుననిపించింది, తిరిగి అరవొచ్చు.

ఆమె నోట్లోంచి కొంగు తీసింది. "పార కింద వెట్టు" అంది.

"గండి పడిపోతోందవ్వా!"

"నాకు కనవడ్తుంది. కింద వెట్టు."

పెట్టాను.

"నీళ్లు యాడికెల్లి వస్తున్నయి?"

ఆ ప్రశ్నకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేను మునిగిపోతుంటే ఇదా అడగాల్సింది? "కనపడట్లేదా? బోదెలోంచి!" అని అరిచాను.

"మరి ఈడేం చేస్తున్నవు?" అంది, బావి దగ్గర పలకరించినట్టు. "పోయి ఆడ మూయి. గట్టు మీదికెల్లి పో. ఉరకకు. ఈడ నేనుంట."

అంతే. మళ్లీ కొంగు పళ్ల మధ్య పెట్టుకుంది.

నీళ్లు వచ్చే దారి తెరిచే ఉంచి, పోయే దారి దగ్గర కుస్తీ పడుతున్నాను ఇంతసేపూ. ఆ మాట తలకెక్కగానే పరుగెత్తాను. గట్టు మీదుగా వెళ్లమంది ఆమె. గట్టు చుట్టు దారి, మడిలోంచి అడ్డంగా పడితే సగం దూరం. నా కంగారు నన్ను అడ్డదారినే పట్టించింది. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను తొక్కింది మామూలు అడుసు కాదు. నెర్రెల నిండా నీళ్లు తాగిన రేగడి. నాలుగో అడుగుకు మోకాలి దాకా దిగిపోయాను. కుడి కాలు లాగితే ఎడమ కాలు దిగింది, ఎడమ కాలు లాగితే కుడి కాలు దిగింది. ముందుకు పడ్డాను. లేవబోతే చేతులు మోచేతుల దాకా దిగాయి. బోదె గండి ఇంకా అల్లంత దూరంలో ఉంది, నీళ్లు దర్జాగా లోపలికి వస్తూనే ఉన్నాయి. నోట్లో బురద, కళ్లలో నీళ్లు. నా వల్ల కాదు అనుకున్నాను.

వెనక నుంచి గొంతు వినిపించింది. గట్టిగానే వినిపించింది, కానీ అందులో అరుపు లేదు.

"గుంజకు బిడ్డా. గుంజితే అది గూడ గుంజుతది. నిలవడు. సుమ్నె, ఊకనే నిలవడు."

నిలబడ్డాను. కాలు నేలలో ఉండగా కదలకుండా నిలబడటం ఎంత కష్టమో చెప్పలేను. ఒళ్లంతా పరుగెత్తమంటోంది.

"ఇగ మడమ మెల్లగ అటు ఇటు తిప్పు. నీళ్లు పక్కకెల్లి లోపలికి పోనియ్యి. పోయినంక బురదే ఇడుస్తది."

మడమ తిప్పాను. ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. కాలి పక్కనుంచి చల్లగా నీళ్లు దిగడం తెలిసింది. బురద పట్టు వదిలింది. కాలు పైకొచ్చింది. ఒక్కో అడుగుకు అలా తిప్పుకుంటూ, ఆగుకుంటూ వెళ్లాను. అంత మెల్లగా నేను జీవితంలో ఎప్పుడూ నడవలేదు. అంత భయంతోనూ నడవలేదు.

బోదె దగ్గర గోనెసంచిలో తడి మట్టి కూరి గండికి అడ్డం వేశాను, పైన మట్టి మెత్తి కాలితో తొక్కాను. నీళ్లు ఆగాయి. ఈసారి గట్టు మీదుగానే తిరిగొచ్చాను, నడిచే.

వచ్చి చూస్తే అవ్వ కన్నంలో కూర్చుని ఉంది. తన చేలో ఉన్న జొన్న సొప్ప కట్ట తెచ్చి, తడి మట్టి పట్టించి, సుడిలోకి కుక్కి, అది కొట్టుకుపోకుండా దాని మీద తనే కూర్చుంది. నడుము దాకా నీళ్లు. జనవరి నీళ్లు. మొహంలో మాత్రం ఏమీ లేదు, కొంగు పళ్లలో పట్టుకుని ఎటో చూస్తోంది.

"మూసినవా?"

"మూశానవ్వా."

ఆమె తల ఊపింది. కానీ మడిలో ఇప్పటికే చేరిన నీళ్ల మాటేమిటి? ఆమెకు రెండు బారల అవతల గట్టు అడుగున ఇంకొక తడి మరక కనిపించింది. నేను చూస్తుండగానే అక్కడ నీళ్లు చెమర్చాయి. దాని పక్కన మరొకటి. గట్టంతా నెర్రెలే అయినప్పుడు మనిషి ఎన్ని కన్నాల మీద కూర్చుంటుంది? ఒకటే దారి ఉంది. తూర్పు గట్టు కొట్టేస్తే నీళ్లన్నీ వాగులోకి పోతాయి. పత్తి బతుకుతుంది. మా వంతు నీళ్లు పోతాయి, గట్టు మళ్లీ కట్టుకునేసరికి వంతు దాటిపోతుంది, ఎనిమిది రోజులకు నారు ముదిరి మా పంట సగానికి పడుతుంది.

ఇది అవ్వకూ తెలుసు. కానీ ఆమె అడగలేదు. ఆ ఒక్క మాట ఆమె నోట్లోంచి వస్తే నేను మొండికేసేదాన్నేమో. ఇంకా సొప్ప తెద్దాం, ఇంకా మట్టి వేద్దాం, రెండూ దక్కించుకుందాం అని మళ్లీ పరుగులు పెట్టేదాన్నేమో. ఆమె సొప్ప మీద కదలకుండా కూర్చుంది. ఆ రోజు పొద్దుట నుంచి మొదటిసారి, ఎవరూ చెప్పకుండానే, నేను ఏదీ చేయకుండా నిలబడింది అప్పుడే. నిలబడితే తెలిసింది, పొరపాటు నాది, నీళ్లూ నావే.

పార తీసుకుని తూర్పు గట్టు దగ్గరకు వెళ్లి కొట్టాను. నీళ్లు హోరుమని వాగులో పడ్డాయి. మడిలో నీటి మట్టం బెత్తెడు తగ్గేసరికి కన్నంలో సుడి ఆగిపోయింది. తడి మరకలు పెరగలేదు.

అవ్వకు చెయ్యి అందించి పైకి లాగాను. అప్పుడు తెలిసింది. ఆమె ఒళ్లంతా గడగడా వణికిపోతోంది. చలికే అనుకుని నా పైట కప్పి దగ్గరకు తీసుకున్నాను. నా చెయ్యి ఆమె వీపు మీద పడింది. గుండె నా గుండె కంటే గట్టిగా కొట్టుకుంటోంది. నోట్లోంచి కొంగు తీసింది. దాని అంచు చిల్లులు పడి ఉంది. ఇంతసేపూ నమిలేసింది.

"భయమేసిందా అవ్వా?" అన్నాను పిచ్చిదానిలా.

"భయం గాకపోతే ఎట్ల బిడ్డా? నాకున్నది గీ రెండెకరాలే." ఆమె పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "నేనూ ఒర్రితే నువ్వు ఇంకా ఆగమాగం అయితవని ఊకున్న. ఇద్దరం ఒర్రినంక గండి ఎవరు మూస్తరు?"

నాకు ఏడుపొచ్చింది. ఆమెది రాతి గుండె అనుకున్నాను, పల్లెటూరి మొద్దుతనం అని కూడా అనుకున్నాను. తన బతుకు మునుగుతుంటే భయాన్ని పళ్ల మధ్య నొక్కిపెట్టి, ముంచినదాన్ని నిలబెడుతోందని నాకు తెలియలేదు.

మధ్యాహ్నం బస్సు దిగి మా ఆయన నేరుగా పొలానికి వచ్చాడు. ఖాళీ మడి చూసి మొహం నల్లబడింది. "నీళ్లేవే?" అన్నాడు. ఆ ఒక్క మాటలో ఎంత కోపముందో నాకు తెలుసు.

నేను నోరు తెరిచేలోపే అవ్వ అందుకుంది. "ఎలుక బొక్క కొట్టింది కొడుకా. ఆమె తప్పేం లేదు."

నాకు తప్పించుకునే దారి చేతిలో పెట్టింది. తీసుకోవాలనే అనిపించింది, ఆ మాట దాచను. కానీ ఆమె కొంగు అంచు నాకు కనిపిస్తూనే ఉంది.

"ఎలుకా లేదు ఏమీ లేదండీ. మెల్లగా వదలమని అవ్వ నిన్ననే చెప్పింది. నేనే వినలేదు."

ఆయన నన్ను చూశాడు, అవ్వ తడి చీర చూశాడు, గట్టు దిగి పత్తి చేలోకి నడిచాడు. మొదటి నాలుగు సాళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి. నా చేతిలోంచి పార తీసుకుని ఆ నీళ్లు వాగువైపు పోయేలా కాలవ తీయడం మొదలుపెట్టాడు. చీకటి పడేదాకా తీశాడు. ఆ నాలుగు సాళ్లూ పోయాయి, తక్కిన చేను దక్కింది. మలి ఏరుడు రోజున నేనూ వెళ్లి ఒడి కట్టుకుని ఏరాను.

అంతకు ముందే, ఎనిమిదో రోజున మా వంతు వచ్చింది. నారు ముదిరే ఉంది. ఎంత ముదిరినా సరే, ఒక పార వెడల్పు కూడా కాదు, నాలుగు వేళ్ల వెడల్పు మాత్రమే తెరిచాను. నీళ్లు సన్నగా పాకుతూ వచ్చాయి. చేతులు ఇంకాస్త తెరవమని గుంజుతున్నాయి. ఆ చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని దిగువ గట్టు మీద కూర్చున్నాను. అవ్వ తన చేలోంచి వచ్చి నా పక్కన కూర్చుంది. కూర్చోగానే కొంగు తీసి పళ్ల మధ్య పెట్టుకుంది.

అది చూసి నాకు ఎక్కడో గుచ్చుకుంది. నీళ్ల వైపే చూస్తూ కూర్చున్నాను. నెర్రెలు ఒక్కొక్కటే తాగాయి, అంచులు మెత్తబడ్డాయి, ఒకదానికొకటి దగ్గరకు జరిగాయి. మా కాళ్ల ముందున్న నెర్రె వేలెడంత అయ్యింది, గీతంత అయ్యింది, తర్వాత కనిపించలేదు. అప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది. పక్కకు తిరిగి చూస్తే, అవ్వ నోట్లోంచి కొంగు జారి ఒళ్లో పడి ఉంది. ఆమె కునుకు తీస్తోంది.